తోటలో కట్టించిన ఫైర్‌ప్లేస్ ముందుకే పొగ కక్కుతోంది, అడుగు బండ పేలింది. సంక్రాంతిలోపు దారికి తేవడం ఎలా?

మామిడితోట టీచర్ (డిసెంబరు 8)

నమస్కారం. వికారాబాద్ దగ్గర మాకు రెండెకరాల మామిడితోట ఉంది. మావారూ నేనూ టీచర్లుగా రిటైరయ్యాక శని, ఆదివారాలు అక్కడే ఉంటున్నాం. డిసెంబరు వచ్చిందంటే రాత్రి ఎనిమిది దాటాక బయట కూర్చోలేం, అంత చలి. అల్లుడు ఏదో ఫోటో పంపితే అది మేస్త్రికి చూపించి ఆరుబయట ఇటుకలతో ఫైర్‌ప్లేస్ కట్టించాను. ముందు నోరు 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. పొగ పోవడానికి పైన 6 అంగుళాల సిమెంటు గొట్టం. అడుగున తాండూరు నాపరాళ్లు పరిచాడు, ఇల్లు కట్టినప్పుడు మిగిలినవే. పక్కనే ఒక ఆరడుగుల దూరంలో, కూర్చోవడానికి తాటాకు కప్పిన చిన్న పందిరి ఉంది. చూడటానికి అంతా ముచ్చటగానే ఉంది.

కట్టిన నాలుగో రోజే వెలిగించాం. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అరగంట దాకా అంటుకోనే లేదు. కట్టెలు మా తోటవే. కాపు అయ్యాక జూలైలో కత్తిరించిన కొమ్మలు, చెట్టు కిందే కుప్పగా ఉన్నాయి. ఊది ఊది మావారికి కళ్లు తిరిగాయి. కాపలా ఉండే అబ్బాయి "నేను చూస్తానమ్మా" అని బైకులోంచి సీసాడు పెట్రోలు తీసుకొచ్చి చల్లాడు. వద్దని నా నోట్లోంచి మాట రాకముందే అగ్గిపుల్ల గీశాడు. పుల్ల కట్టెలకు తగలనే లేదు, గాలిలోనే భగ్గుమంది. కనుబొమలు కాలాయి, ముందు జుట్టు కాలింది. అంతటితో పోయింది. ఆ కమురు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

తర్వాత మంట వచ్చింది కానీ పొగంతా మా ముఖాల మీదికే. గొట్టంలోంచి పైకి పోయింది అగరుబత్తి పొగంత. మేము ఎటు కుర్చీ జరిపితే అటే వచ్చింది.

ఇంకో పావుగంటకు అడుగు బండ ఢామ్మని పేలింది. ఎవరో లక్ష్మీబాంబు వేశారనుకున్నాను. అరచేయంత పెచ్చు ఎగిరివచ్చి నా శాలువా మీద పడింది. దులిపేసరికి రూపాయి బిళ్లంత కన్నం. ఆ శాలువా ఉన్ని అని చెప్పి అమ్మారు, కన్నం అంచు మాత్రం కరిగి గట్టిపడిన ప్లాస్టిక్‌లా ఉంది.

సంక్రాంతికి మా అమ్మాయి, ఆరేళ్ల మనవరాలు, మూడేళ్ల మనవడు వస్తున్నారు. భోగిమంట అందులోనే వేయాలని పిల్ల ఫోనులో రోజూ గుర్తు చేస్తోంది. మావారు మాత్రం అది పడగొట్టించి ఆ ఇటుకలతో తులసికోట కట్టిద్దామంటున్నారు. ముప్పై ఐదు వేలు పెట్టాను. పిల్లలకు ప్రమాదం లేకుండా దీన్ని వెలిగించే దారి ఉందా? లేదంటే తులసికోటకే ఒప్పుకుంటాను.


హైవే రైడర్ (డిసెంబరు 8)

మీ అబ్బాయి ఎక్కువ పోశాడండీ, అంతే. మూతడు పెట్రోలు చాలు. డీజిల్ అయితే ఇంకా నయం. మేము అడవి దారుల్లో రాత్రి ఆగినప్పుడు ఎప్పుడూ అలాగే వెలిగిస్తాం, ఏమీ కాలేదు. అంత పొగ ఇబ్బందిగా ఉంటే కుంపట్లో బొగ్గులు వేసి గదిలో పెట్టుకోండి. వెచ్చగా ఉంటుంది, పొగ ఉండదు.


గాడిపొయ్యి (డిసెంబరు 9)

టీచరమ్మగారూ, మీరు మూడు కష్టాలు రాశారు. నాలుగోది మాటల మధ్యలో అనేసి వదిలేశారు: ఆరడుగుల దూరంలో తాటాకు పందిరి. పొగ వస్తే కళ్లు మండుతాయి, బండ పేలితే శాలువా పోతుంది. ఎండిన తాటాకు మీద ఒక్క రవ్వ పడితే మీరు చెంబు అందుకునేలోపు పందిరి ఉండదు. ముందు దాని సంగతి చూడండి, పొయ్యి మాట తర్వాత. (మీరు ఫైర్‌ప్లేస్ అనండి, నాకు నిప్పు పెట్టే గూడు ఏదైనా పొయ్యే.)

నేను తెనాలి దగ్గరి మనిషిని. పదహారో ఏట ఒక వంట మేస్త్రి దగ్గర ఉల్లిపాయలు తరగడానికి చేరి, నలభై ఏళ్లు పెళ్లివంటలు చేశాను. వెయ్యి మందికి వండాలంటే గాడిపొయ్యి తవ్వాలి. మోకాలి లోతు, ఆరేడు గజాల పొడవు, మీద వరసగా గుండిగలు. రాత్రి రెండింటికి రాజేస్తే మర్నాడు ఆఖరి బంతి లేచేదాకా అది ఆరకూడదు. ఇప్పుడు కొంపల్లిలో మా అబ్బాయి అపార్టుమెంటులో ఇండక్షన్ పొయ్యి మీద పాలు కాచుకుంటున్నాను. ఇస్త్రీపెట్టెను వెల్లకిలా పెట్టినట్టు ఉంటుంది.

మీ కట్టె అంటుకోకపోవడం నిప్పు తప్పు కాదు. జూలైలో కొట్టిన పచ్చి మామిడి, నేల మీద కుప్ప, దాని మీద వానాకాలమంతా వాన. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండవచ్చు. మీరు వేసిన నిప్పు ఆ నీళ్లు మరిగించడానికే సరిపోయింది, మిగిలినదే మీరు పీల్చిన పొగ. నేను అడితికి వెళితే రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూసేవాడిని. ఎండినది గరిటె మోగినట్టు టంగుమంటుంది. పచ్చిది తడిబట్ట బండకేసి కొట్టినట్టు దబ్బుమంటుంది. కోసిన కొస చూడండి, మధ్య నుంచి అంచుకు నెర్రెలు విచ్చి ఉండాలి. బెరడు గోటితో లాగితే ఊడిరావాలి.

ఈ సంక్రాంతికి మీ మామిడి పనికిరాదు. అడితిలో తుమ్మ కొనండి, కొంచెం చింత కూడా. చింత మొండిది, అంటుకోవడానికి బతిమాలించుకుంటుంది. అంటుకుందా, కణికలు తెల్లవారేదాకా ఉంటాయి. కోపిష్ఠివాడి కళ్లను చింతనిప్పులతో ఊరికే పోల్చలేదు. మీ మామిడిని నిలువుగా చీల్చి, ఇటుకల మీద నేల తగలకుండా పేర్చి, పైన మాత్రం రేకు కప్పండి. పక్కల గాలి ఆడాలి. వచ్చే చలికాలానికి అక్కరకొస్తుంది. వెదురు వేయకండి, గణుపుల మధ్య గాలి చిక్కుకుని తుపాకీలా పేలుతుంది. కంచెలో గన్నేరు ఉంటే దాని కొమ్మలు పొరపాటున కూడా చేరనివ్వకండి, ఆ పొగ కూడా విషమే. భోగి కదా అని విరిగిన మంచం కోళ్లు, రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు అందులో పడేయకండి. పిల్లలు ఆ గాలే పీలుస్తారు.

ఇక రైడర్ బాబుకు. మూతడా సీసాడా అని లెక్క కాదు నాయనా. పెట్రోలులో మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. అది గాలికన్నా బరువు, నేల బారున పాకి పొయ్యి గూట్లో చేరుతుంది. అందుకే పుల్ల తగలకముందే అంటుకుంది. డీజిల్, కిరోసిన్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తాయి. వేడి కణికల మీద పోసినప్పుడు వాటి సంగతి నాకు తెలుసు. 1987లో ఒక పెళ్లిలో, తెల్లవారుజామున, మంట తగ్గిందని మా కుర్రాడు డబ్బాతో కిరోసిన్ కణికల మీద వంచాడు. తెల్లగా పొగ లేచింది. మంట రాలేదు కదా అని ఇంకొంచెం వంచాడు. ఆ లేచింది పొగ కాదు, కిరోసిన్ ఆవిరే. రెండు క్షణాలు ఆగి అంటుకుంది, ధార పట్టుకుని డబ్బా దాకా ఎక్కింది. డబ్బా లాగబోయిన నా ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా ఈ రోజుకూ వెంట్రుక మొలవదు. కుర్రాడు రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రోజు పప్పు మాడిందని పెళ్లివారు మా కూలిలో కోత పెట్టారు, అది వేరే కథ.

దానికి బదులు కర్పూరం. రెండు బిళ్లలు, గుప్పెడు ఎండు కొబ్బరిపీచు, చీపురుపుల్లంత చితుకులు, తర్వాత బొటనవేలంత పుల్లలు, అవి బాగా అందుకున్నాక మణికట్టంత కట్టెలు. మా మేస్త్రి "పసిపిల్లకు పెట్టినట్టు పెట్టాలిరా" అనేవాడు. ముందు పాలు, తర్వాత గుజ్జు, ముద్ద ఆఖర్న. కట్టెకూ కట్టెకూ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. సందు లేకుండా కుక్కితే మీవారికి మళ్లీ కళ్లు తిరుగుతాయి.

వెలిగించే ముందు పొయ్యి నోటి దగ్గర ఒక అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి వంగితే సరే. మీ వైపు వంగితే గొట్టం ఇంకా నిద్రలోనే ఉంది. చెట్ల కొసలు ఊగేంత గాలి ఉంటే ఆ రాత్రికి దుప్పటి కప్పుకుని పడుకోండి. గొట్టం లెక్కలు నాకు తెలియవు, మా గాడికి గొట్టం ఉండదు. తెలిసినవారెవరైనా చెప్పాలి.


షార్లెట్ పెరడు (డిసెంబరు 10)

గొట్టం సంగతి నేను చెబుతాను. అమెరికాలో మేము కొన్న ఇంటి పెరట్లో పాత ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది. మొదటి చలికాలం మాకూ ఇదే నాటకం, బండ పేలడం ఒక్కటి తక్కువ. బాగుచేయడానికి వచ్చిన ముసలాయన పక్కన నిలబడి, నా ఉద్యోగానికి ఏ మాత్రం పనికిరాని విద్య చాలా నేర్చుకున్నాను.

పొగగొట్టం లోపలి వైశాల్యం, ముందు నోటి వైశాల్యంలో సుమారు పదో వంతు ఉండాలి. మీ నోరు 48 అంగుళాలు, 36 అంగుళాలు. అంటే 1,728 చదరపు అంగుళాలు. పదో వంతు 173. మీ ఆరంగుళాల గొట్టం వైశాల్యం ఎంతో తెలుసా? 28. కల్యాణమండపంలో జనాన్నంతా ఒక్క కిటికీలోంచి బయటికి పంపమన్నట్టుంది. అది ఎంత మంచి కట్టె వేసినా ముందుకే కక్కుతుంది.

పడగొట్టనక్కర్లేదు, నోరు చిన్నది చేయండి. రెండు పక్కలా ఒక్కో ఇటుక పొడవు, అంటే 9 అంగుళాలు, లోపలికి కట్టిస్తే వెడల్పు 30 అవుతుంది. అడుగును 12 అంగుళాలు లేపితే ఎత్తు 24 అవుతుంది. ఇప్పుడు నోరు 720, పదో వంతు 72. పైన ఆ గొట్టం తీసేసి లోపల 9 అంగుళాల చదరం ఉండేలా ఇటుకతోనే పొగగూడు లేపితే 81 వస్తుంది. సరిపోతుంది. మేస్త్రికి "లోపల ఇటుక పొడవు చదరం" అని చెప్పండి, టేపు కూడా అక్కర్లేదు. గూటి పైభాగం గరాటులా క్రమంగా సన్నబడుతూ అందులో కలవాలి, బల్లపరుపుగా మూసి మధ్యలో కన్నం పెట్టకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది కాబట్టి అక్కడ పిసినారితనం వద్దు. కొసన రవ్వలు ఆపడానికి అరంగుళం కన్నాల ఇనుప జాలీ పెట్టించండి. ఇంత చేశాక కూడా కాస్త పొగ వస్తుంటే నోటి పై అంచున ఒక ఇనుప రేకు అడ్డంగా పట్టి కొద్దికొద్దిగా కిందికి దించండి. ఎక్కడ పొగ ఆగితే అక్కడ ఆ రేకును బిగించేయండి. చేతులకు తోలు గ్లవ్స్ ఉండాలి సుమా.

పాత సిమెంటు గొట్టం ఆస్‌బెస్టాస్ కలిసినది కావచ్చు. అలాంటిది వేడికి పగిలి పెచ్చులుగా ఎగురుతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. సుత్తి దెబ్బ వేయకుండా, నీళ్లతో తడిపి, మొత్తంగా విప్పించండి.

బండ ఎందుకు పేలిందంటే, నాపరాయి పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. పొరల మధ్య తేమ ఉంటుంది. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్ల చోటు కావాలి. దారి లేకపోతే రాయిని పగలగొట్టుకుని వస్తుంది. వాగులో ఏరిన గుండ్రాళ్లూ అంతే, పొయ్యి చుట్టూ అందానికి కూడా పెట్టకండి. ఆ బండలు లేపేసి, ఇసుక నింపి, పైన ఫైర్ ఇటుకలు (గట్టి వేడికి తట్టుకునేవి) పరిపించండి. లోపలి గోడలకూ అవే, సిమెంటుకు బదులు ఫైర్ క్లేతో (వేడికి తట్టుకునే బంకమట్టి). బాయిలర్లు, కొలుముల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి.

ఇంకొక మాట. నాలుగో రోజే వెలిగించడం తొందరపాటు. కొత్త సిమెంటులో ఇంకా నీరుంటుంది, పగుళ్లు వస్తాయి. పని అయ్యాక నాలుగు వారాలు ఆరనివ్వండి. భోగికి కావాలంటే 15లోపు మేస్త్రి చేయి కడుక్కోవాలి. పెద్ద మంటకు ముందు మూడు నాలుగు సాయంత్రాలు దోసెడు పుల్లలతో చిన్న మంట వేసి ఆర్పేయండి, మిగిలిన తేమ అలా పోతుంది.

గాడిపొయ్యి గారితో ఒక చోట మాత్రం విభేదిస్తాను. గొట్టం ఉన్న పొయ్యిలో నిప్పు పైన పెట్టాలి. లావు కట్టెలు అడుగున, వాటి మీద అడ్డంగా సన్నవి, అన్నిటికన్నా పైన చితుకులు, పీచు, కర్పూరం. పైన వెలిగిస్తే ముందు గొట్టం వేడెక్కుతుంది, పొగ లాగడం మొదలవుతుంది. మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది, మీరు మాటిమాటికీ చేయి పెట్టి కట్టెలు వేయనక్కర్లేదు. మరీ చలి రాత్రి అయితే వెలిగించే ముందు ఒక పేపరు చుట్టి అంటించి పొగగూటి నోట్లో నిమిషం పట్టుకోండి.

పందిరి విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఇక్కడ చాలా ఊళ్లు పాటించే ఫైర్ కోడ్‌లో ఆరుబయట నేల మీద వేసే చిన్న మంటకు కూడా 25 అడుగుల దూరం అడుగుతారు. పూర్తిగా ఆరేదాకా ఒక మనిషి అక్కడే ఉండాలి, నీళ్ల గొట్టమో మంటలార్పే సిలిండరో చేతికి అందాలి.


రాత్రి డ్యూటీ (డిసెంబరు 10)

నేను కాలిన గాయాల వార్డులో నర్సుని. హైవే రైడర్ గారూ, గదిలో కుంపటి మాట దయచేసి వెనక్కు తీసుకోండి. పొగ కనిపించడం లేదంటే ప్రమాదం లేదని కాదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మత్తు వస్తాయి, నిద్ర అనుకుని పడుకుంటారు. అలా పడుకున్నవాళ్లు పొద్దున లేవలేదన్న వార్త ఏ చలికాలమూ తప్పడం లేదు. టీచర్ గారూ, మంట అయిపోయాక మిగిలిన కణికలను "వెచ్చగా ఉంటుంది" అని ఎవరూ గదిలోకి తీసుకెళ్లకుండా చూడండి.

నైలాన్ శాలువాలు, జార్జెట్ చీరలు, పిల్లల మెరుపుల లంగాలు మంట దగ్గరికి వద్దు. అవి కాలి ఊరుకోవు, కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్టలు వేయండి, చున్నీ నడుముకు బిగించండి. శానిటైజర్ రాసుకున్న చేతులు ఆరకుండా అగ్గిపుల్ల గీయకండి. బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు, నేల మీద పడి దొర్లాలి. కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు, గడియారం చూసి. టూత్‌పేస్టు, నెయ్యి, ఇంకు, ఐసుముక్క ఏదీ రాయవద్దు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి ముందు పేస్టు కడగడమే మా పని. 108, 101 నంబర్లు మీ కాపలా అబ్బాయి ఫోనులో కూడా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి.


మామిడితోట టీచర్ (డిసెంబరు 11)

ఎంత ఓపికగా రాశారు అందరూ! నిన్న టేపు పట్టుకుని కొలిచాను. నోటి కొలతలు షార్లెట్ గారు వేసినవే, పొల్లు పోలేదు. 28కీ 173కీ తేడా విని మేస్త్రి కాసేపు గొట్టం వైపు చూసి "ఫోటోలో గొట్టం కనిపించలేదు కదమ్మా" అన్నాడు. నిజమే, ఫోటో ముందు నుంచి తీసింది. ముప్పై మూడేళ్లు పిల్లలకు వైశాల్యాలు చెప్పిన లెక్కల టీచరుని, నా పెరట్లో మాత్రం వేయలేదు. మావారు దీని మీద ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

పందిరి తీసేయాలంటే మనసొప్పడం లేదు. ఆ తాటాకు మా ఊరి నుంచి తెప్పించింది. మంట వేసే రోజు కప్పంతా నీళ్లతో తడిపితే చాలదా?


గాడిపొయ్యి (డిసెంబరు 11)

చాలదమ్మా. పైపొర తడుస్తుంది, లోపలి పొర ఎండుగానే ఉంటుంది, రవ్వ దూరేది లోపలికే. ఒకసారి షామియానా కింద కట్టిన ఎండు కొబ్బరాకుల తోరణం ఎలా అంటుకుందో చూశాను, అదీ పొయ్యికి పది అడుగుల పైనే ఉంది. గుంజలు అలాగే ఉంచి ఆకు విప్పేసి తోట ఆ చివర వేరే పందిరి వేసుకోండి. ఇక్కడ గుంజల మీద ఏమీ కప్పకండి, చలికాలం రాత్రి ఆకాశం బాగుంటుంది.

షార్లెట్ గారూ, నలభై ఏళ్లు కింద నిప్పు పెట్టిన చేతిని పైన పెట్టమంటున్నారు. ఇంతకాలం నేను గొట్టం లేని పొయ్యి వాడినవాడిని కాబట్టి ఏమీ అనను. నిన్న బాల్కనీలో పూలకుండీలో జానెడు పుల్లలు పేర్చి చూశాను. మా కోడలు చూడకముందే ఆర్పేశాను. పొగ తక్కువే వచ్చింది. ఒప్పుకుంటున్నాను.


హైవే రైడర్ (డిసెంబరు 12)

కుంపటి మాట వెనక్కు తీసుకుంటున్నాను. నాకు నిజంగా తెలియదు. పెట్రోలు సంగతి కూడా మా వాళ్లకు పంపించాను. పోయినేడాది మా వాడి ప్యాంటు అంటుకుంటే నవ్వుకున్నాం, ఇప్పుడు నవ్వు రావడం లేదు.


మామిడితోట టీచర్ (జనవరి 16)

చెప్పి వెళ్లడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మేస్త్రి 14కే పని ముగించాడు. నాపరాళ్లు లేపుతుంటే ఇంకొకటి చేతిలోనే పొరలుగా విడిపోయింది. జనవరి రెండో వారంలో వరసగా నాలుగు సాయంత్రాలు దోసెడు పుల్లలతో చిన్న మంటలు వేశాం. మొదటి రోజు ఇటుకల సందుల్లోంచి సన్నగా ఆవిరి వచ్చింది, నాలుగో రోజుకు లేదు. తాటాకు విప్పించాను. ఆ సాయంత్రం నేను అన్నం సరిగా తినలేదని మావారు అంటున్నారు, అంతేమీ లేదు.

భోగి తెల్లవారుజామున అయిదింటికి పొయ్యి నోటి ముందు ఎనిమిది అడుగులు కొలిచి అర్ధచంద్రంగా ముగ్గు గీత వేశాను. పిల్లలు దాటకూడని గీత అది. పైన రంగురంగుల గొబ్బిపూలు కూడా వేస్తే మనవరాలు దాన్ని తన గీతగా పుచ్చుకుంది. బకెట్లు రెండు, నీళ్ల గొట్టం ఒకటి పక్కన. అగరుబత్తి పొగ మొదట నా వైపే వంగింది. షార్లెట్ గారు చెప్పినట్టు పేపరు చుట్టి అంటించి పొగగూట్లో పట్టుకున్నాను, నిమిషం కాకముందే అగరుబత్తి పొగ తల తిప్పి లోపలికి వంగింది. తుమ్మ అడుగున, చింత మధ్యలో, పైన పీచు, రెండు కర్పూరం బిళ్లలు. అగ్గిపుల్ల ఒక్కటే ఖర్చయింది. కాపలా అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడి "ఇంతేనా అమ్మా" అన్నాడు. కనుబొమలు మళ్లీ వచ్చాయి, ఎడమది కొంచెం పలుచగా.

మంట తగ్గాక కణికల అంచున చిలగడదుంపలు పెట్టాం. రెండు మాడాయి, మిగిలినవి పిల్లలు తిన్నారు. బూడిదను చెట్టు మొదట్లో పోయబోతున్న అబ్బాయిని ఆపి ఇనుప బకెట్లోకి ఎత్తించి మూత పెట్టించాను. మర్నాడు మధ్యాహ్నం, అంటే ముప్పై గంటలు దాటాక, పుల్లతో కెలికితే అడుగున చింత కణిక ఒకటి ఇంకా ఎర్రగా చూసింది. గాడిపొయ్యి గారు చెప్పిన కోపిష్ఠి కన్నే. నీళ్లు పోసి కలిపి, చల్లారాక గుంట తీసి పూడ్పించాను.

భోగి రోజు ఒక్కరే ముగ్గు గీత దాటారు. కట్టె సర్దడానికి మావారు చెప్పుకాలు లోపల పెట్టేసరికి మనవరాలు అరిచి వెనక్కు పంపింది. ఆయన అలిగి పోయి పందిరి గుంజ దగ్గర కుర్చీ వేసుకున్నారు. కాసేపటికి అక్కడి నుంచే, తులసికోట ఇంటి ముందు వేయిద్దాం అన్నారు.